రేషన్ బియ్యం ప్రభుత్వం ఇచ్చేదా, మనకు రావలసినదా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, టీవీ చర్చల్లో "ఉచితాలు" అన్న మాట మోగిపోతుంది. రేషన్ బియ్యం, పింఛను, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, మహిళలకు బస్సు ప్రయాణం అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. జనాన్ని సోమరులను చేస్తున్నారని ఒకరంటారు. పేదవాడి బతుక్కి ఇవే ఆసరా అని ఇంకొకరంటారు. 2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చినప్పుడు కూడా ఇదే వాదన నడిచింది. ఈ గొడవలో అసలు ప్రశ్న ఎప్పుడూ వెనకబడిపోతుంది. వీటిలో ప్రభుత్వం తలచుకుంటే ఇచ్చేవి ఏవి, తలచుకోకపోయినా ఇచ్చి తీరాల్సినవి ఏవి?

తిండి, పని, చదువు, వైద్యం, నీడ లాంటివాటిని ఆర్థిక, సామాజిక హక్కులు అంటారు. మాట్లాడే స్వేచ్ఛ, ఓటు, అన్యాయంగా అరెస్టు కాకుండా ఉండడం పౌర, రాజకీయ హక్కులు. వినడానికి రెండూ హక్కులే. కానీ పోలీసులు అక్రమంగా పట్టుకెళితే హైకోర్టు తలుపు తట్టవచ్చని చాలామందికి తెలుసు. పస్తులుంటే ఎవరి తలుపు తట్టాలో తెలియదు.

## ఒకే ప్రకటన, రెండు ఒప్పందాలు

1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో ఈ తేడా లేదు. ఆలోచనా స్వేచ్ఛ ఉన్న పత్రంలోనే, 25వ అధికరణలో తిండి, బట్ట, ఇల్లు, వైద్యం కూడా ఉన్నాయి. అయితే అది ప్రకటన మాత్రమే. దేశాలను కట్టడి చేసే ఒప్పందాలు రావడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. ఈలోగా ప్రపంచం రెండు శిబిరాలయింది. పశ్చిమ దేశాలు స్వేచ్ఛలకు పెద్దపీట వేశాయి, సోవియట్ శిబిరం పని, తిండి ముందన్నది. చివరికి 1966 డిసెంబర్ 16న రెండు వేర్వేరు ఒప్పందాలు వచ్చాయి. ఆర్థిక, సామాజిక హక్కుల ఒప్పందంపై అమెరికా 1977లో సంతకం పెట్టింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు. చైనా దాన్ని ఆమోదించి, పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని సంతకం దగ్గరే ఆపేసింది. భారతదేశం 1979 ఏప్రిల్‌లో రెండింటిలోనూ చేరింది.

విడదీయడానికి చెప్పిన కారణం ఇది: స్వేచ్ఛలకు ఖర్చు ఉండదు, ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఊరుకుంటే చాలు. తిండి, వైద్యం అలా కాదు, డబ్బు కావాలి. పైపైన చూస్తే సబబుగానే ఉంటుంది, లోతుకు వెళితే నిలబడదు. ఓటు హక్కు నడవాలంటే లక్షల పోలింగ్ కేంద్రాలు కావాలి. న్యాయమైన విచారణకు కోర్టులు, జడ్జీలు, జీతాలు కావాలి. ఇంకోవైపు, తిండి హక్కులో డబ్బు అవసరం లేని బాధ్యతలు చాలా ఉన్నాయి.

మన తీరంలోని ఒక మత్స్యకార గ్రామాన్నే తీసుకుందాం. వాళ్లు వలలు ఆరబెట్టుకునే, పడవలు నిలుపుకునే ఇసుక తిన్నెను ప్రభుత్వం లాక్కోకూడదు. ఇది మొదటి బాధ్యత, దీనికి పైసా ఖర్చు లేదు. పక్కనున్న ఫ్యాక్టరీ వ్యర్థాలు వదిలి చేపను చంపేస్తుంటే అడ్డుకోవాలి. ఇది రెండోది, దీనికి తనిఖీ అధికారులూ వాళ్ల నిజాయితీ చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల సంతతి కోసం వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలగడానికి భృతి ఇవ్వాలి. ఇది మూడోది, పెద్ద ఖర్చు దీనికే. గౌరవించడం, కాపాడడం, సమకూర్చడం అని ఈ మూడు బాధ్యతలను హక్కుల న్యాయశాస్త్రం వేరు చేసి చూపిస్తుంది. "ఉచితాలు" చర్చ మొత్తం మూడోదాని చుట్టూ తిరుగుతుంది. తిన్నె పోయినా, చేప చచ్చినా అది సంక్షేమం ఖాతాలో ఎవరూ లెక్కవేయరు.

## రాజ్యాంగం వీటిని ఎక్కడ పెట్టింది

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ ఇబ్బంది ముందే తెలుసు. స్వేచ్ఛలను మూడో భాగంలో ప్రాథమిక హక్కులుగా పెట్టారు. పని, విద్య, పోషకాహారం, జీవన వేతనం నాలుగో భాగంలో ఆదేశిక సూత్రాలయ్యాయి. వీటిని కోర్టులు అమలు చేయించలేవని, అయినా దేశ పాలనకు ఇవే మూలాధారమని 37వ అధికరణ చెబుతుంది. రాజ్యాంగ సభలో కె.టి. షా దీన్ని గట్టిగా విమర్శించారు. బ్యాంకు తనకు వీలైనప్పుడు చెల్లిస్తానన్న చెక్కులా ఉందన్నారు. అంబేడ్కర్ జవాబు వేరే. అధికారంలోకి వచ్చినవాళ్లు ఈ సూత్రాలను మీరితే కోర్టులో జవాబు చెప్పనక్కర్లేకపోవచ్చు గానీ ఎన్నికలప్పుడు ఓటర్ల ముందు చెప్పక తప్పదన్నారు.

ఎన్నికలు చాలావరకు ఆ పని చేశాయి, అన్నిచోట్లా చేయలేదు. ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లు, వలస కూలీలు, అడవిలో చెదురుమదురుగా ఉండే తెగల ఓట్లు ఏ పార్టీకీ పెద్ద లెక్కలోకి రావు. అక్కడే కోర్టులు అడుగుపెట్టాయి. 21వ అధికరణలో ఉన్న జీవించే హక్కు అంటే కేవలం ఊపిరి ఆడడం కాదని, మర్యాదగా బతకడమని 1981 నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనంది. అయితే అదే తీర్పు, వర్షాకాలం దాటాక, పద్ధతి ప్రకారం వాళ్లను ఖాళీ చేయించడానికి అనుమతించింది కూడా. సూత్రం గెలిచింది, గుడిసె నిలవలేదు.

మన రాష్ట్రం పేరు మీదే ఇంకో మైలురాయి ఉంది: ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 1993. మొదలైంది ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల డొనేషన్ల గొడవతో. ముగిసింది 14 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు అన్న ప్రకటనతో. రాజ్యాంగం పదేళ్లలో చేయమన్న పనిని నాలుగు దశాబ్దాలు దాటినా చేయలేదన్నదే కోర్టు వాదనకు బలం. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆదేశిక సూత్రంగా పుట్టి ప్రాథమిక హక్కు స్థాయికి ఎదిగిన ప్రధాన సామాజిక హక్కు ఇదే.

## బియ్యం ధర చెప్పే కథ

తెలుగు నేల మీద 1983లో ఎన్.టి.ఆర్. కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. 1996లో అది మూడున్నర రూపాయలయింది. 2008లో మళ్లీ రెండుకు వచ్చింది, 2011లో రూపాయికి దిగింది. ఈ మార్పుల వెనుక ప్రతిసారీ ఖజానా లెక్కలో, ఓట్ల లెక్కలో ఉన్నాయి. మూడున్నర అయిన రోజున మా ధర ఎందుకు పెంచారని కోర్టుకెళ్లి అడిగే వీలు ఏ కుటుంబానికీ లేదు. అది పథకం. ఎంత మంచిదైనా, ఎన్ని కడుపులు నింపినా, ఇచ్చినవాళ్లు ఆపేయగలిగేది పథకమే.

2001లో పరిస్థితి మారింది. రాజస్థాన్‌లో కరువు, ఆకలి. అదే సమయంలో భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం నిండిపోయి ముక్కిపోతోంది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబర్ 28న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఎనిమిది ఆహార పథకాలను చట్టబద్ధమైన అర్హతలుగా మార్చింది. బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో పిల్లలకు భోజనం పేరుతో ధాన్యం కొలిచి ఇచ్చి ఇంటికి పంపేవారు. వేడి అన్నం రావడానికి కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చింది.

ఆ దారిలోనే 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. పల్లెల్లో 75 శాతం వరకు, పట్టణాల్లో 50 శాతం వరకు జనాభాకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ (నిరుపేద) కుటుంబానికి 35 కిలోలు. చట్టం పెట్టిన బియ్యం ధర కిలో 3 రూపాయలు. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితం చేసింది. ఇక్కడ ఒక తేడా గమనించండి: 5 కిలోలు అన్నది చట్టం, "ఉచితం" అన్నది నిర్ణయం. తెలంగాణ మనిషికి 6 కిలోలు ఇవ్వడం, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం పంచడం కూడా రాష్ట్ర నిర్ణయాలే. మన సంచీలో పడే బియ్యంలో కొంత హక్కు, కొంత పథకం కలిసే ఉంటాయి.

చట్టం వల్ల ఇంకో మార్పు వచ్చింది. బియ్యం ఇవ్వలేకపోతే ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాలో ఒక అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలి. డీలర్ స్టాక్ రాలేదని పంపించేస్తే, ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర పడలేదని తిప్పి పంపితే, అది ఇక ఆ ఇంటి దురదృష్టం కాదు, చట్ట ఉల్లంఘన.

## కార్డు కంప్యూటర్‌లో ఎగిరిపోతే

కాగితం మీద ఉన్న ఈ హక్కు ఎక్కడ తెగిపోతుందో తెలంగాణలో కనబడింది. అక్కడ వివిధ శాఖల రికార్డులను కంప్యూటర్‌తో కలిపి చూసి, అనర్హులన్న పేరుతో కొన్నేళ్లలో సుమారు 19 లక్షల కార్డులు రద్దు చేశారు. నోటీసు ఇవ్వలేదని, ఇంటికొచ్చి చూడలేదని ఫిర్యాదు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది.

ఇలాంటి చోట తప్పు ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక బస్తీలో రోజుకూలీ పేరు, ఇంకో వీధిలో కారు ఉన్న మనిషి పేరు ఒకటే అనుకుందాం. తండ్రి పేర్లు కూడా దగ్గరగా ఉన్నాయి. కంప్యూటర్ ఇద్దరినీ ఒక్కరే అనుకుంది. కారు ఉంది కాబట్టి కార్డు పోయింది. కూలీకి ఈ సంగతి తెలిసేది నెల మొదట్లో రేషన్ షాపు క్యూలో నిలబడి వేలు పెట్టాక. డీలర్‌కు కారణం తెలియదు. మీసేవకు వెళితే కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంటారు. తనకు లేని కారు తనది కాదని ఆయన ఎలా రుజువు చేసుకోవాలి?

దొంగ కార్డులు ఏరివేయడం తప్పనడం లేదు. అర్హుల సంఖ్యకు పరిమితి ఉన్నప్పుడు అనర్హుడి కార్డు ఒక అర్హుడి కంచాన్ని ఆపుతుంది. ప్రభుత్వాల వాదనలో ఆ మేరకు నిజముంది. తేడా క్రమంలో ఉంది. పథకం అయితే ముందు తీసేసి, తర్వాత అడిగితే చూడవచ్చు. హక్కు అయితే ముందు కారణం చెప్పి, ఆయన మాట విని, ఆ తర్వాతే తీయాలి. రుజువు భారం తీసేవాడి మీద ఉండాలి, తినేవాడి మీద కాదు. నా దృష్టిలో ఆర్థిక, సామాజిక హక్కుల సారమంతా ఇక్కడే ఉంది.

అసలు కార్డే రానివాళ్ల సమస్య ఇంకోటి. చట్టం పరిధిని ఇప్పటికీ 2011 జనాభా లెక్కలతోనే కొలుస్తున్నారు. ఆ పైన పెరిగిన జనానికి చోటు లేదు. రాష్ట్రాలు సొంత డబ్బుతో కొంతమందిని చేర్చుకుంటే తప్ప వాళ్ల ఆకలి లెక్కలోకి రాదు.

## డబ్బు లేదంటే కోర్టు ఏం చేయగలదు

ఈ హక్కుల మీద బలమైన అభ్యంతరం ఇదే. బడ్జెట్ వేయాల్సింది ఎన్నికైనవాళ్లు. ఏ ఆసుపత్రికి ఎన్ని యంత్రాలో జడ్జీలు తేలిస్తే ప్రజాస్వామ్యం ఏమవుతుంది? 1966 ఒప్పందం దీనికి మధ్యేమార్గం వెతికింది. ఉన్న వనరులను గరిష్ఠంగా వాడుతూ ఈ హక్కులను క్రమంగా సాధించాలంది. "క్రమంగా" అన్నది ఎప్పటికీ చేయకుండా ఉండడానికి సాకు కాకూడదని, 1990లో ఒప్పంద అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ ఒక గీత గీసింది. ప్రాణం నిలిపే తిండి, ప్రాథమిక వైద్యం, తలదాచుకునే చోటు, ప్రాథమిక విద్య ప్రతి దేశమూ ముందుగా చూడాల్సిన కనీసం అని చెప్పింది.

ఈ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కొన్న దేశం దక్షిణాఫ్రికా. దాని రాజ్యాంగంలోనే ఇల్లు, వైద్యం, తిండి, నీరు హక్కులుగా ఉన్నాయి. 1997లో డర్బన్‌లో మూత్రపిండాలు పాడైన సుబ్రమనీ అనే వ్యక్తి డయాలసిస్ కోసం కోర్టుకు వెళ్లారు. ప్రభుత్వ ఆసుపత్రిలో యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. మూత్రపిండ మార్పిడికి తగినవాళ్లకే దీర్ఘకాలం డయాలసిస్ ఇస్తామన్నది ఆసుపత్రి నియమం. ఆ నియమం సమంజసమేనని కోర్టు ఆయన అభ్యర్థనను తోసిపుచ్చింది. కొద్దికాలానికే ఆయన చనిపోయారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉందో తెలిసినవాళ్లకు ఈ తీర్పు చదివితే గొంతు పట్టేస్తుంది. పలాస, సోంపేట వైపు డయాలసిస్ కోసం వారంలో రెండు మూడుసార్లు తిరిగే మనిషికి, యంత్రం ఖాళీ ఉందా లేదా అన్నదే బతుకు ప్రశ్న.

2000లో ఐరీన్ గ్రూట్‌బూమ్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. ఉన్నచోటి నుంచి ఖాళీ చేయించడంతో ప్లాస్టిక్ పట్టాల కింద పిల్లలతో ఉంటున్న జనంలో ఆమె ఒకరు. ప్రతి ఒక్కరికీ ఇప్పుడే ఇల్లు ఇవ్వమని కోర్టు అనలేదు. కానీ అత్యంత దుర్భర స్థితిలో ఉన్నవాళ్లకు చోటే లేని గృహనిర్మాణ కార్యక్రమం సమంజసం కాదంది. కనీస గీత గీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. గ్రూట్‌బూమ్ 2008లో తనకంటూ ఇల్లు రాకుండానే చనిపోయారు. ఇలాంటి తీర్పులతో ఒరిగేదేముందనేవాళ్లు ఆమెనే ఉదాహరణగా చూపిస్తారు. సమర్థించేవాళ్లు 2002 తీర్పును చూపిస్తారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా ఆపే మందును కంపెనీ ఐదేళ్లు ఉచితంగా ఇస్తానన్నా, ప్రభుత్వం కొన్ని ఆసుపత్రులకే పరిమితం చేసింది. కోర్టు ఆ ఆంక్షను తొలగించమంది. డబ్బు లేదన్న మాటను ఒకసారి తరచి అడిగితే, అడ్డుపడుతున్నది డబ్బు కాదని తేలే సందర్భాలూ ఉంటాయి.

## చట్టం ఇచ్చిన హక్కును చట్టం మార్చేస్తే

2005 ఉపాధి హామీ చట్టం పల్లె కుటుంబానికి ఏటా 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఎంతమంది అడిగితే అంత పని అన్నదే దాని ప్రాణం. 2025 డిసెంబర్‌లో వచ్చిన కొత్త చట్టం రోజులను 125కు పెంచింది. అదే సమయంలో చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలంది. రాష్ట్రానికి ఎంత కేటాయించాలో కేంద్రం నిర్ణయిస్తుంది, వ్యవసాయ పనులు జోరుగా ఉండే రోజుల్లో పనులు ఆపే వీలుంటుంది. రోజులు పెరిగాయి కాబట్టి హక్కు బలపడిందని ప్రభుత్వం అంటుంది. కేటాయింపు ముందే ఖరారైతే అడిగే హక్కు పేరుకే మిగులుతుందని విమర్శకులంటారు. ఎన్ని రోజులని రాశారన్నదాని కంటే, డబ్బు అయిపోయాక వచ్చి అడిగినవాడికి ఏం జవాబు దొరుకుతుందన్నదే నేను చూస్తాను. ఏదేమైనా ఇది ఒక సంగతి స్పష్టం చేసింది. చదువు హక్కును తీయాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. పని హక్కును మార్చడానికి మామూలు మెజారిటీతో ఒక బిల్లు సరిపోయింది.

## అభివృద్ధి ఎవరి హక్కు

ఇక చివరి చిక్కు. 1986 డిసెంబర్ 4న ఐక్యరాజ్యసమితి అభివృద్ధిని కూడా మానవ హక్కుగా ప్రకటించింది. 146 దేశాలు ఔనన్నాయి, 8 తటస్థంగా ఉన్నాయి, అమెరికా ఒక్కటే కాదంది. పేద దేశాల దృష్టిలో ఇది అప్పులు, వాణిజ్య నియమాల్లో న్యాయం అడిగే ఆయుధం. సంపన్న దేశాల భయం, సాయం చేయడం తమ మీద బాధ్యతగా మారుతుందని. హక్కుల కార్యకర్తల్లో ఇంకో అనుమానం ఉండేది: ముందు అభివృద్ధి, స్వేచ్ఛలు తర్వాత చూద్దామని పాలకులు దీన్ని వాడుకుంటారేమోనని. 1993 వియన్నా సదస్సు దానికి సమాధానమిచ్చింది. అభివృద్ధి లేకపోవడాన్ని సాకుగా చూపి హక్కులను కోయకూడదంది. 1986 ప్రకటన కూడా అభివృద్ధికి కేంద్రం దేశం కాదు, మనిషి అంటుంది. దాని ఫలాలే కాదు, నిర్ణయంలో పాలుపంచుకోవడం కూడా ఆ హక్కులో భాగమే.

విశాఖ మన్యంలో బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు ఈ ఆలోచనకు మన దగ్గర దొరికిన గట్టి రూపం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

పోలవరం దగ్గర లెక్క ఇంత తేలిగ్గా తేలదు. సాగునీరు, విశాఖకు తాగునీరు, 960 మెగావాట్ల కరెంటు కోసం ఎదురుచూసే రైతులది, పట్టణవాసులది కూడా అభివృద్ధి హక్కే. దానికి మునిగేది లక్షకు పైగా కుటుంబాలు. వాళ్లలో పెద్ద సంఖ్యలో కోయలు, కొండరెడ్లు. పరిహారం లెక్కకట్టేటప్పుడు పట్టా భూమి, ఇల్లు, చెట్టు కాగితం మీదికి వస్తాయి. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకు, వెదురు అమ్ముకుని గడిచే నెలలు ఏ కాలమ్‌లోనూ పట్టవు. పునరావాస కాలనీలో పక్కా ఇల్లు వస్తుంది, దాని వెనక అడవి ఉండదు.

పరిహారాన్ని కూడా దశలుగా విడగొట్టారు. నీరు 41.15 మీటర్ల ఎత్తు వరకు నిలిపితే మునిగే ఊళ్లు మొదటి దశ. పూర్తి ఎత్తు 45.72 మీటర్ల వరకు మునిగేవి తర్వాతి దశ. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు, తర్వాతి దశలో ఉన్న ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. చింతూరు, వి.ఆర్.పురం, కూనవరం, ఎటపాక మండలాల్లో జనం గుట్టలెక్కారు. వాళ్లు అడుగుతున్నది కొత్త వరమేమీ కాదు. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. తమ ఊరిని ఏ మీటర్ దగ్గర కొలిచారో, ఆ ఆరు నెలలు ఏ తేదీ నుంచి లెక్కో రాతపూర్వకంగా చెప్పమనే వాళ్లు అడుగుతున్నారు.